సదస్సులో మొదటి పోస్టర్: నేను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న

ప్రశ్న: బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. విశ్వవిద్యాలయంలో జరిగే విద్యార్థి పరిశోధనల సదస్సుకు నా ప్రాజెక్టు ఎంపికైంది. పోస్టర్ పెట్టి వివరించాలట. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఏం అడుగుతారోనని బెంగగా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

జవాబు: నేనూ బీఎస్సీలో ఉండగానే మొదటి పోస్టర్ పెట్టాను. బహుమతి రాలేదు. ఎందుకు రాలేదో చెబితే మీకు పనికొస్తుంది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పని. ముగ్గురం కలిసి నాలుగు ఊళ్లు తిరిగి 24 బోర్ల నీళ్లు పట్టుకొచ్చాం. నీళ్లలో ఒక ఎర్రటి రీఏజెంటు, అంటే పరీక్షకు వాడే రసాయనం, కలుపుతారు. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ ఆ ఎరుపు పలచబడుతుంది. ఎంత పలచబడిందో యంత్రంతో కొలవాలి. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీటి వసతి లేనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. మా నాలుగు ఊళ్లలో రెండు ఆ గీతకు కింద, రెండు బాగా పైన వచ్చాయి. గ్రాఫు చూసుకుని మురిసిపోయాం.

అయిదు నిమిషాల ప్రసంగాన్ని ఇంగ్లిష్‌లో రాసుకుని, ఎక్కాలు అప్పజెప్పినట్టు బట్టీ పట్టాను. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన రెండో వాక్యం దగ్గరే చెయ్యెత్తి ఆపారు. గ్రాఫు మీద వేలు పెట్టి, “ఈ ఊళ్ల నీళ్లు ఏ నెలలో పట్టారు?” అని తెలుగులోనే అడిగారు. కింద ఉన్న రెండు ఊళ్లవి సెప్టెంబరులో, పైన ఉన్నవి మార్చిలో అని చెప్పాను. “మరి ఈ తేడా ఊళ్లదా, వానలదా?”

నోట మాట రాలేదు. వానలు పడి భూగర్భజలం పెరిగితే ఫ్లోరైడ్ గాఢత మారవచ్చునని పుస్తకంలో చదివే ఉన్నాను. పరీక్షలో అడిగి ఉంటే రాసేవాణ్ణి కూడా. మా సొంత సీసాల దగ్గరికి వచ్చేసరికి తట్టలేదు. సెమిస్టరు పరీక్షలు అడ్డం వచ్చి సగం ఊళ్లు తర్వాతకు వాయిదా వేశాం, అంతే. ఆ సంగతి ఒప్పుకోవడానికి బదులు ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన చిన్నగా నవ్వి పక్క పోస్టర్‌కు వెళ్లిపోయారు. నీళ్లు పట్టిన నెలలు పోస్టర్ మీదే వేసి, ‘అందువల్ల ఊళ్లను పోల్చలేము, గీత దాటిన బోర్లు ఏవో మాత్రం చెప్పగలము’ అని రాసి ఉంటే అదే నిజాయతీ గల ఫలితం అయ్యేది.

కాబట్టి ఇప్పుడే మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఏదో వెతకండి. మీకు దొరక్కపోతే వేరే సబ్జెక్టు చదివే స్నేహితుడి చేతికివ్వండి, పది నిమిషాల్లో పట్టుకుంటాడు. దాన్ని దాచకండి, పోస్టర్ మీద రాయండి. తెలియనిది అడిగితే “అది మేము కొలవలేదు సార్” అంటే చాలు.

ఇంగ్లిష్ సంగతి. మధ్యాహ్నం టీ తెచ్చిన అటెండరు మా పోస్టర్ ముందు ఆగారు. ఆయనది ఆ పక్క ఊరేనట. “ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి కదా బాబూ, ఇంకా బోరు నీళ్లు తాగేదెవరు?” అన్నారు. పొలం పనికి వెళ్లినవాళ్లు అక్కడి బోరు నీళ్లే తాగుతున్నారని, మేము చూసింది చూసినట్టు చెప్పాను. పావుగంట మాట్లాడుకున్నాం, ఒక్కచోట కూడా తడబడలేదు. ముందు తెలుగులో ఎవరికైనా అలా చెప్పి చూడండి. ఆ తర్వాత అవే ముక్కలను చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా మార్చుకోండి. బట్టీ మాత్రం వద్దు, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి రావాల్సిందే.

మా పక్కనే ఒక ఫైన్ ఆర్ట్స్ అమ్మాయి చేర్యాల పద్ధతిలో వేసిన బొమ్మల పటం పెట్టింది. తీసి పడేసిన మూడు చిత్తు బొమ్మలను కూడా పక్కన తగిలించింది. చూసినవాళ్లంతా వాటి గురించే అడిగారు. మీది కళకు సంబంధించిన పని కాకపోయినా ఆ ఉపాయం వాడుకోవచ్చు.

ఇక ఫ్లెక్సీ. స్టాండు నిలువుదా అడ్డందా అని నిర్వాహకులను ముందే అడగండి. మాది అడ్డంగా వేయించాం, స్టాండేమో నిలువు, రెండు పక్కలా చెవుల్లా వేలాడింది. గ్రాఫులను ఫోనుతో ఫోటో తీసి పెట్టకండి, పెద్దది చేస్తే అలుక్కుపోతాయి. తెలుగు అక్షరాలుంటే ఫైలును పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వండి, లేకపోతే షాపు కంప్యూటర్‌లో ఒత్తులు చెదిరిపోతాయి. ఫ్లెక్సీ షాపు ఆయనకు అలవాటైనవి పుట్టినరోజు బ్యానర్లు, నాయకుల స్వాగతాలు. నేను దండం పెడుతున్న ఫోటో ఒకటి మూలన వేద్దామని ఎంతో ప్రేమగా అడిగారు. వద్దనడానికి మొహమాటపడ్డాను కానీ వద్దన్నాను.

మడత పెడితే గీతలు పడతాయి, చుట్టి ప్లంబరు దగ్గర దొరికే పీవీసీ గొట్టం ముక్కలో పెట్టుకోండి. బస్సు దిగేటప్పుడు మరిచిపోకండి. నేను తిరుగు ప్రయాణంలో వదిలేశాను. మా 24 బోర్లు ఇప్పుడు ఏ బడ్డీకొట్టుకు కప్పుగా ఉన్నాయో.