రేసు డిస్కులు – ఘాట్ రోడ్డు

ప్రశ్న: మేము నెలకు ఒకటి రెండు సార్లు కారులో తిరుమలకు వెళ్ళి వస్తుంటాము. ఇటీవల కొండ దిగుతున్నప్పుడు బ్రేకుల నుంచి మాడు వాసన వచ్చింది. మామూలు డిస్కులు తీసేసి, రేసు కార్లకు ఉండేటటువంటి రంధ్రాల డిస్కులు వేయించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. పందేల కోసం తయారైన బ్రేకుల వల్ల మావంటి వారి కారుకు నిజంగా మేలు ఉంటుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మేలు ఉంది. అయితే అందులో అధిక భాగం మీ కారుకు ఎప్పుడో అందింది. మీ మిత్రుడు చెప్పిన రంధ్రాలు మాత్రం ఆ కోవలోకి రావు.

బ్రేకు చేసే పని కదలికను వేడిగా మార్చడం. 1,200 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగితే, పుట్టిన వేడితో సుమారు లీటరున్నర నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు. ఘాట్ రోడ్డు మీద ఒక మలుపు దగ్గర పుట్టిన వేడి చల్లారక ముందే తరువాతి మలుపు వస్తుంది. కాబట్టి బ్రేకు ఎంత గట్టిగా పడుతుందనే దానితో పాటు, పుట్టిన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందనేదీ చూడాలి. పందెం కార్లకు ఈ కష్టం మనకన్నా చాలా ముందే ఎదురైంది.

చక్రంతో పాటు తిరిగే పళ్ళేన్ని ప్యాడ్లనే రాపిడి ముక్కలతో నొక్కి ఆపే డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నారు. అయినా ఆ తరువాత దాదాపు యాభై ఏళ్ళ పాటు కార్లలో డ్రమ్ములదే రాజ్యం. డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే గిన్నె వంటి భాగం; షూలనే రాపిడి ముక్కలు దాన్ని లోపలి నుంచి నొక్కుతాయి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపల ఉన్న షూలకు దూరంగా జరుగుతుంది. అందుచేత పెడల్‌ను ఇంకా లోతుగా తొక్కవలసి వస్తుంది, అప్పటికీ బ్రేకు సరిగా పట్టదు. డిస్కు వేడెక్కి మందమైతే తనను రెండు వైపులా నొక్కుతున్న ప్యాడ్ల వైపే జరుగుతుంది. పైగా అది బయటి గాలికి తెరుచుకుని ఉంటుంది. జాగ్వార్ సంస్థ డన్లప్ వారితో కలిసి ఈ డిస్కులను సి-టైప్ కారుకు అమర్చి 1952లో పందేలలో పరీక్షించింది, 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో దించింది. అప్పట్లో అక్కడ సుమారు ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు చివర గట్టి మలుపు ఉండేది; డ్రమ్ముల కార్లు ఎంతో ముందుగానే వేగం తగ్గించుకోవలసిన చోట, డిస్కుల కారు మలుపు దగ్గర దాకా వెళ్ళి బ్రేకు వేయగలిగింది. రోల్ట్, హామిల్టన్‌లు నడిపిన జాగ్వార్ గంటకు సుమారు 170 కి.మీ. సగటు వేగంతో గెలిచింది. ఆ పందెంలో సగటు గంటకు వంద మైళ్ళు (సుమారు 160 కి.మీ.) దాటడం అదే మొదలు. 1955లో డ్రమ్ములతోనే అక్కడికి వచ్చిన మెర్సిడెస్ కార్లు, బ్రేకులకు తోడుగా డ్రైవరు వెనుక ఒక పెద్ద రేకు పలకను పైకి లేపి గాలిని అడ్డుపెట్టుకున్నాయంటే డ్రమ్ముల అవస్థ అర్థమవుతుంది. అదే ఏడాది సిట్రోయెన్ డి.ఎస్. ముందు చక్రాలకు డిస్కులతో మార్కెట్లోకి వచ్చింది. క్రమంగా అవి చిన్న కార్ల దాకా దిగివచ్చాయి.

మీ కారు ముందు చక్రాల డిస్కును అంచు వైపు నుంచి గమనించండి. చాలా కార్లలో అది రెండు పలకలుగా, నడుమ రెక్కలతో కనిపిస్తుంది. చక్రం తిరుగుతుంటే ఆ రెక్కలు మధ్యలో నుంచి గాలిని పీల్చి అంచుల నుంచి బయటకు నెడతాయి. వేగం కోసం తయారైన కార్ల నుంచి సామాన్యుడికి దక్కిన అసలైన వరం ఇదని నా అభిప్రాయం. ఇది కంటికి ఆనదు గనుక దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

ఇక రంధ్రాల సంగతి. పూర్వపు ప్యాడ్లు బాగా కాగితే వాటి నుంచి వెలువడే వాయువు డిస్కుకూ ప్యాడ్‌కూ నడుమ పొరలా నిలిచేది. అది తప్పించుకోవడానికీ, బరువు తగ్గడానికీ రంధ్రాలు చేసేవారు. నేటి ప్యాడ్లకు ఆ బెడద చాలా తక్కువ. పోత ఇనుము డిస్కుకు రంధ్రాలు చేస్తే వేడిని ఇముడ్చుకునే లోహం తగ్గుతుంది, రంధ్రాల అంచుల నుంచే పగుళ్ళు మొదలవుతాయి. పందెం జట్లు డిస్కులను తరచూ మార్చుకుంటాయి. మనం ఏళ్ళ తరబడి వాడతాము. కాబట్టి ఆ సలహాను పక్కన పెట్టి, ముందు మెకానిక్‌కు ప్యాడ్లు, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్లు చూపించండి. రెండేళ్ళుగా మార్చకపోతే బ్రేక్ ఆయిల్ మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది: డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరినప్పుడు ఆ కనీస స్థాయి 155 డిగ్రీలే. ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు ఆనినా బండి ఆగదు. దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచకుండా, ఇంజను పట్టు ఉండేలా రెండో గేరులో దిగండి.

ప్రశ్న: ఫార్ములా వన్ కార్లలో వాడే కార్బన్ డిస్కులు మామూలు కార్లకు ఎందుకు రావడం లేదు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవి కొన్ని వందల డిగ్రీలకు చేరితేగాని సరిగా పట్టవు. ఉదయం గేటు దాటగానే అడ్డం వచ్చిన సైకిలును తప్పించవలసిన కారుకు అటువంటి బ్రేకు అపాయమే. అందుకే రోడ్డు కార్ల కోసం కార్బన్ పోగులను సిలికాన్ కార్బైడ్‌తో కలిపి, చల్లగా ఉన్నప్పుడూ పట్టే సిరామిక్ డిస్కులను రూపొందించారు. పోర్షే 2001లో 911 జి.టి.2 కారుకు వీటిని అమర్చింది. ఇవి ఇనుప డిస్కులలో సుమారు సగం బరువే తూగుతాయి, తుప్పు పట్టవు. వాటి ధర మాత్రం మన దగ్గర ఒక చిన్న కారు ధరతో పోటీ పడుతుంది.

ప్రశ్న: డిస్కు అంత మేలైతే మా కారు వెనుక చక్రాలకు ఇంకా డ్రమ్ములే ఎందుకు ఉన్నాయి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది గనుక ఎక్కువ పని ముందు చక్రాలదే. వెనుక డ్రమ్ము చవక, హ్యాండ్ బ్రేకు అమర్చడం సులువు, దుమ్ము కూడా అంతగా చేరదు. బ్రేకు పనిలో కొంత మోటారే చేసిపెట్టే విద్యుత్ కార్లలో, ఉదాహరణకు ఫోక్స్‌వాగన్ ఐ.డి.3లో, వెనుక డ్రమ్ములనే కోరి పెట్టారు.