మీరడిగారు: చెట్టు కింద సండే స్కూల్

ప్రశ్న: అక్కా, వందనాలు. తిరుపతిలో మా సంఘంలో సండే స్కూల్ చూస్తుంటాను. రెండో తరగతి నుంచి ఆరో తరగతి దాకా చదివే పిల్లలు. సెప్టెంబరులో సృష్టి కోసం ప్రత్యేక ఆరాధన ఉంది, ప్రకృతి ద్వారా శాంతి, స్వస్థత అనే అంశం మీద పిల్లలతో ఏదైనా చేయించమని పాస్టర్‌గారు నాకు అప్పగించారు. చార్టులు, యాక్షన్ సాంగ్ తప్ప ఇంకేమీ తోచడం లేదు. మా క్లాసులో ఒక బాబు వాళ్ళ తాతకు ఒంట్లో బాగాలేదు. ‘చెట్టు నాటి ప్రార్థన చేస్తే తాతకు నయమైపోతుందా టీచర్?’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు.
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: చార్టుల సంగతి తర్వాత, ముందు ఆ బాబు సంగతి చూద్దాం తల్లీ. స్వస్థత అనే మాటను మన సంఘాల్లో పెద్దవాళ్ళు తేలిగ్గా వాడేస్తుంటారు, పిల్లలు మాత్రం ఉన్నదున్నట్టు నమ్మేస్తారు. తప్పకుండా నయమవుతుందని మీరు మాటిచ్చి, రేపు ఆ పెద్దాయనకు జరగరానిది జరిగితే, తన ప్రార్థనలోనే ఏదో లోపం ఉందని ఆ పిల్లవాడు అనుకుంటాడు, ఎవరికీ చెప్పడు కూడా. అందుకే నిజమే చెప్పండి. ‘నాకు తెలియదు నాన్నా, నయం చేయమని దేవుణ్ణి అడుగుదాం, డాక్టరుగారిచ్చే మందు కూడా ఆయన ఇచ్చిందే, సాయంత్రం కాసేపు తాత మంచం దగ్గర కూర్చో, ఆయనకు బాగుంటుంది.’ ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. యెషయా 38లో జబ్బుపడ్డ హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థన చేశాడు, దేవుడు విన్నాడు, ఆ తర్వాత యెషయా ప్రవక్త ఏం చేయమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన, వైద్యం ఒకే అధ్యాయంలో ఉన్నాయి, ఆ కథ పిల్లలకు చెప్పడం ఎందుకో మనం మర్చిపోతుంటాం.

దీనికి మన దగ్గరే ఇంకో మంచి పాఠం ఉంది. పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం. క్షయకు మందే లేని రోజుల్లో, 1912లో, రకరకాల క్రైస్తవ మిషన్లు కలిసి మొదలుపెట్టిన శానిటోరియం, అంటే క్షయ రోగుల ఆసుపత్రి అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. అప్పట్లో రోగికి ఇవ్వగలిగిందల్లా విశ్రాంతి, కడుపునిండా తిండి, మెట్ట ప్రాంతపు గాలి, వెలుతురు. కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ అనే మందు వచ్చాక కథ మారింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, మందులు సరిగ్గా వాడితే ఇరుకు ఇళ్ళలో ఉన్న రోగులు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్ళలాగే కోలుకున్నారని తేలింది. పెద్ద పిల్లలకు ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పండి. గాలీ చెట్టూ మనసుకు నెమ్మదినిస్తాయి, ఒంటికి మంచివి, కానీ క్షయకు మందు మందే. ఒక ముక్క చెప్పి రెండోది వదిలేశారనుకోండి, వేపాకు రసం తాగితే అన్నీ పోతాయని చెప్పే వాట్సాప్ మెసేజ్ స్థాయికి మన సండే స్కూల్ కూడా దిగుతుంది!

ఇక ఆ రోజు ఏం చేయించాలంటే, నన్నడిగితే చాలా తక్కువ చేయించండి. మీ చర్చి కాంపౌండ్‌లో వేపో కానుగో ఒక్క చెట్టున్నా చాలు, లేకపోతే ఎవరి పెరట్లోనైనా సరే, పొద్దున్నే ఎండెక్కకముందు పిల్లల్ని కింద కూర్చోబెట్టి, మీ ఫోన్‌తో సహా ఫోన్లన్నీ లోపల పెట్టించి, కాసేపు మాట్లాడకుండా వినమనండి. తర్వాత ఏం వినిపించిందో ఒక్కొక్కరినీ అడగండి. ఉడుత అంటారు, కాకి అంటారు, పక్కింటి కుక్కర్ విజిల్, బైకు హారన్ అని కూడా అంటారు, అవి తప్పు జవాబులని మాత్రం అనకండి, అది మన ఊరి చప్పుడే కదా. అప్పుడు మత్తయి 6:26 చదవండి, ‘ఆకాశపక్షులను చూడుడి’. ముందే చదివేస్తే పిల్లలు పక్షిని చూడరు, మీ ముఖం చూస్తారు, కంఠత పెట్టమంటారేమోనని. దయచేసి ఆ రోజుకి కంఠత వాక్యం పోటీ, ప్రైజులు వద్దు. మైక్ సెట్టు కూడా.

ఆ తర్వాత ఏలీయా కథ, మొదటి రాజులు 19. ఈ అంశానికి దీన్ని మించిన కథ నాకైతే కనబడలేదు. అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి ఇక నా వల్ల కాదు, చచ్చిపోతాను అన్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు, విశ్వాసం లేదని తిట్టలేదు. లేచి తినమన్నాడు, అంతే. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు, దూత మళ్ళీ లేపి తినిపించాడు. పరీక్షలనీ ర్యాంకులనీ ఇప్పుడు ఐదో తరగతి పిల్లలకే ఎంత టెన్షన్ ఉందో మీకు నాకంటే బాగా తెలుసు, కాబట్టి అలసిపోవడం పాపం కాదని బైబిల్లోనే ఉందని వాళ్ళకు తెలియాలి. కథ అయ్యాక నిజంగానే రొట్టె ముక్కలు పంచండి, పక్కవాడికి పెట్టాకే తాను తినాలని చెప్పండి. నిన్న కొట్టుకున్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టడం మాత్రం మర్చిపోకండి.

ఇంకొక్క మాట. ప్రకృతి అంటే పచ్చిక, సీతాకోకచిలుకలు మాత్రమే అన్నట్టు చూపించకండి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద ఎలా పారిందో ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతుంటే విన్న పిల్లలు ఉంటారు, ఉరిమితే భయపడేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు మార్కు 4లోని తుఫాను చదవండి. అక్కడ యేసు ముందు గాలిని గద్దించాడు, ఆ తర్వాతే ఎందుకు భయపడుతున్నారని శిష్యులను అడిగాడు. ఆ వరస పిల్లలే కనిపెట్టేలా అడగండి.

ప్రశ్న: మా సంఘ పెద్దల్లో కొందరు చెట్టు కింద ప్రార్థన అంటే చెట్టుకు మొక్కడమే అంటున్నారు. ఏడుకొండలు కనబడే ఊళ్ళో పిల్లలు తికమకపడతారని వాళ్ళ వాదన. పిల్లల్ని కొండ దారిలో అడవి చూపించడానికి తీసుకెళ్దామంటే దానికీ గొడవ.
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: 148వ కీర్తన చదవమనండి. కొండలను, ఫలవృక్షాలను మనతో కలిసి దేవుణ్ణి స్తుతించమని పిలిచే కీర్తన అది. చెట్టుకు మొక్కడం వేరు, చెట్టుతో కలిసి స్తుతించడం వేరు, ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా ఈ తేడా అర్థమవుతుంది. యేసు పట్టబడే ముందు రాత్రి ప్రార్థన చేసింది కూడా తోటలోనే.

కొండ విషయంలో మాత్రం పెద్దలు ఆగమన్నారంటే నేనూ అదే అంటాను, కారణం వేరు. తిరుమల మన పొరుగువాళ్ళకు పవిత్రమైన చోటు, అక్కడ ఇతర మతాల ప్రచారం నిషిద్ధం. పిల్లల గుంపుతో వెళ్ళి మన పాటలు, ప్రార్థనలు అక్కడ పెట్టుకోవడం మర్యాద కాదు, శాంతి గురించి పాఠం చెప్పబోయి గొడవ తెచ్చుకోవడం ఎందుకు? తలకోన వెళ్ళండి. 270 అడుగుల జలపాతం, చుట్టూ శేషాచలం అడవి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ చుట్టుపక్కల కొండల్లోనే అని చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. నీళ్ళ దగ్గర పెద్దవాళ్ళు తగినంతమంది ఉండాలి, ప్లాస్టిక్ మళ్ళీ ఇంటికే రావాలి.

ప్రశ్న: ప్రతి ఏడూ పర్యావరణ దినం నాడు సండే స్కూల్ పిల్లలకు తలా ఒక మొక్క ఇస్తాం, ఒక్కటీ బతకదు. ఏం చేయాలి?
– చిత్తూరు నుంచి

జవాబు: జూన్ 5న మన ఎండలకు ఏ మొక్క బతుకుతుందండీ! మన వైపు ఎక్కువ వానలు పడేది అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలకు. చాలా సంఘాలు సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా సృష్టి కాలం అని పాటిస్తాయి, దాని చివరి ఆదివారం నాటండి, వాన కలిసొస్తుంది. తలా ఒకటి వద్దు. క్లాసంతటికీ ఒకే నేరేడో చింతో చర్చి ఆవరణలో పెట్టి, వారానికి ఇద్దరి చొప్పున నీళ్ళ వంతు వేయండి. కంచెకు డబ్బులు మొక్కతో పాటే వసూలు చేసుకోండి, మేకలు సెలవు తీసుకోవు.