డీడాస్ రక్షణకు డబ్బు కట్టినా సైట్ ఆగిపోయింది.. నష్టం రాబట్టగలమా?

ప్రశ్న: మాది ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ. డీడాస్ దాడుల (వెల్లువలా నకిలీ ట్రాఫిక్ పంపి సైట్‌ను ఆపేసే దాడులు) నుంచి కాపాడే మేనేజ్డ్ సర్వీసుకు ఏడాదిగా డబ్బు కడుతున్నాం. అయినా 20 రోజుల క్రితం దాడి జరిగి 9 గంటలు సైట్ ఆగిపోయింది. జీతాలెలా ఇవ్వాలా అని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తొందరలో సర్వర్ ఫార్మాట్ చేయించాం. ఇది పోటీ సంస్థ పనేనని అనుమానం. డబ్బు తీసుకుని ఇలాంటి దాడులు చేసే స్ట్రెసర్ సైట్‌లో కట్టి వాళ్ల సైట్‌నూ పడగొట్టమని ఒకరు అంటున్నారు. సర్వీసు సంస్థ నుంచి నష్టం రాబట్టగలమా?

జవాబు: మీ కేసు ఒక్క విషయం మీద తేలుతుంది. దాడి ఆ సంస్థ వడపోత (చెడ్డ ట్రాఫిక్‌ను ఆపి మంచిదాన్ని మీ సర్వర్‌కు పంపే ఏర్పాటు) గుండా వచ్చిందా, దాన్ని తప్పించుకుని నేరుగా మీ సర్వర్ మీదికి వచ్చిందా? వడపోత గుండా వస్తే జవాబు చెప్పాల్సింది వాళ్లు. నేరుగా వస్తే, తమ దగ్గరికే రాని ట్రాఫిక్‌ను ఎలా ఆపుతామని వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. సర్వీసులో చేరినప్పుడు సర్వర్ పాత ఐపీ (ఇంటర్నెట్‌లో దాని చిరునామా) మార్చారా? వాళ్ల ఐపీల నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ట్రాఫిక్ రాకుండా ఫైర్‌వాల్ పెట్టారా? ఈ పనులు సాధారణంగా కస్టమర్ బాధ్యతగానే ఒప్పందంలో ఉంటాయి. సైట్ పేరును ఐపీతో కలిపే పాత డీఎన్ఎస్ రికార్డులో అసలు ఐపీ కనిపిస్తే చాలు, దాడి చేసేవాడికి దొడ్డిదారి దొరికినట్టే.

దీన్ని తేల్చేవి లాగ్‌లు, అంటే వచ్చిన ట్రాఫిక్ నమోదులు. కాపీ తీయకుండా ఫార్మాట్ చేయించి మీ సాక్ష్యాన్ని మీరే చెరిపేశారు. ఇంత అజాగ్రత్త ఏమిటండీ! హోస్టింగ్ సంస్థ దగ్గర నెట్‌ఫ్లో రికార్డులు (ఎక్కడి నుంచి ఎంత ట్రాఫిక్ వచ్చిందో చూపేవి), సర్వీసు సంస్థ దగ్గర దాడి రిపోర్టు ఇంకా ఉండొచ్చు. అవి ఎక్కువ కాలం ఉంచరు. ఆ 9 గంటల రికార్డులు చెరపొద్దని, ప్రతులు ఇవ్వాలని ఇద్దరికీ ఈరోజే నోటీసు పంపండి. మీరు ఫిర్యాదు టికెట్ పెట్టిన సమయం, వాళ్ల మొదటి జవాబు సమయం భద్రపరచండి. లాగ్‌లు తరచూ యూటీసీలో (మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి. ఆ తేడా సరిచూడకుండా రాస్తే అవతలి లాయర్ అక్కడే పట్టుకుంటారు.

దావాకు చాలా సమయం ఉందిలే అనుకోవద్దు. ఎస్ఎల్ఏ (సర్వీసు ఏ స్థాయిలో ఉండాలో చెప్పే ఒప్పందం) కింద సర్వీస్ క్రెడిట్ (లోపానికి బదులు బిల్లులో తగ్గింపు) అడిగే గడువు తరచూ రోజుల్లోనే ఉంటుంది, కొన్ని ఒప్పందాల్లో 30 రోజులు. మీకు 20 గడిచిపోయాయి. ముందు ఆ క్లెయిమ్ రాతపూర్వకంగా వేయండి. పోయిన అమ్మకాలన్నీ వస్తాయన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. పరోక్ష నష్టాలు ఇవ్వబోమన్న షరతు, పరిహారానికి గరిష్ఠ పరిమితి ఇలాంటి ఒప్పందాల్లో దాదాపు తప్పకుండా ఉంటాయి.

స్ట్రెసర్ సైట్ వైపు చూడనే వద్దు. డబ్బిచ్చి దాడి చేయించడమూ నేరమే. 2018 ఏప్రిల్‌లో వెబ్‌స్ట్రెసర్ అనే సైట్‌ను పోలీసులు మూసేసినప్పుడు 1,36,000కు పైగా వాడుకరుల వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. తర్వాత దాడులు కొన్నవాళ్ల ఇళ్లకూ వెళ్లారు. మీరు అటు అడుగేస్తే ఫిర్యాదుదారు కాస్తా ముద్దాయి అవుతారు.

అసలు ఐపీ మార్చి, ఫైర్‌వాల్ ఈ వారమే సరిచేయించండి. రికార్డులు అందాక ఒప్పందంతో సహా లాయర్‌కు చూపించండి. దాడి వడపోత గుండానే వచ్చిందని తేలితే లీగల్ నోటీసు ఇవ్వవచ్చు.