విలియమ్స్‌బర్గ్ వెళ్ళే ముందు ఏ పుస్తకం చదివితే మంచిది?

పాతకాలపు పట్నాన్ని, అప్పటి పనులను కళ్ళకు కట్టినట్టు చూపించే వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌కు పిల్లలతో వెళ్ళబోతున్నామని, బ్రిటిష్ ఏలుబడి నాటి అమెరికా పట్నాల్లో జనం ఎలా బతికారో తేలిగ్గా చెప్పే పుస్తకం కావాలని అడిగారు. నా ఓటు ఆలిస్ మోర్స్ ఎర్ల్‌కే. 1851లో మసాచుసెట్స్‌లో పుట్టి, బ్రూక్లిన్‌లో నలుగురు పిల్లలను పెంచుతూ, నలభై ఏళ్ళ ప్రాయంలో తొలి పుస్తకం తెచ్చిన రచయిత్రి. 1898లో వచ్చిన ‘హోమ్ లైఫ్ ఇన్ కలోనియల్ డేస్’తో మొదలుపెట్టండి. పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

గవర్నర్లు, యుద్ధాల గొడవ ఆమెకు అక్కర్లేదు. కొవ్వొత్తులు ఎలా చేసేవారు, నూలు ఎలా వడికేవారు, పొయ్యి మీద కుండ ఎలా వేలాడదీసేవారు, ఇదీ ఆమె లోకం. విలియమ్స్‌బర్గ్‌లోని నేత దుకాణానికి మా అమ్మను తీసుకెళ్ళాను. ఒకామె ఇనుప పళ్ళ దువ్వెనలోంచి అవిసె నారను లాగుతోంది. పొడుగు పోగులు చేతిలో మిగులుతున్నాయి, పీచు దువ్వెనకే చిక్కుకుంటోంది. ‘ఇది పత్తి కాదే, మన గోగునారలా ఉందే!’ అంది అమ్మ. రాట్నాన్ని కాలితో తొక్కుతూ, వేళ్ళు తడుపుకుంటూ ఆమె వడుకుతుంటే అమ్మ అక్కడినుంచి కదిలితేగా! నాకు మాత్రం అంతా ముందే చూసినట్టుంది. ఎర్ల్ ఆ పని మొత్తం వరసగా రాసిపెట్టారు మరి.

పిల్లలకైతే ఎర్ల్ రాసిన చర్చి సంగతులు చెప్పండి. ప్రార్థనలో కునికిపాట్లు పడేవాళ్ళను లేపడానికి ఒక మనిషి పొడుగు కర్ర పట్టుకు తిరిగేవాడు. ఆడవాళ్ళ ముఖానికి కర్ర చివరనున్న నక్కతోక తగిలించేవాడు, మగపిల్లలకు రెండో కొసతో మొట్టికాయే. మావాడు వారం రోజులు ఇంట్లో చీపురుతో అదే పని.

ఒక లోటు ముందే చెప్పాలి. ఆమె రాసినదాంట్లో ఎక్కువ భాగం మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య ప్రాంతం, అంటే న్యూ ఇంగ్లండ్ గురించే, పైగా పాత రోజుల మీద మమకారం బాగా ఎక్కువ. స్వాతంత్ర్య పోరాటం నాటికి విలియమ్స్‌బర్గ్ జనాభాలో సగానికి పైగా నల్లవాళ్ళు, వారిలో దాదాపు అందరూ బానిసలే. వంటింటి సామాను గురించి పేజీలకు పేజీలు రాసిన ఎర్ల్, ఆ వంట చేసిన వీళ్ళ గురించి రాసింది కొద్దే. అందుకే గవర్నర్ భవనం వెనక వంటిల్లు చూసేటప్పుడు, ఇక్కడ వండినవాళ్ళు ఎవరని అక్కడివారినే అడగండి. మేము అడిగితే అరగంట చెప్పారు. మధ్యాహ్నమైతే రద్దీ, పొద్దున్నే వెళ్ళండి.