6.2 అంటే 62 శాతమేనా?

ప్రశ్న: మా బాబు హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ 3-2 (మూడో ఏడాది రెండో సెమిస్టర్)లోకి వచ్చాడు. సీజీపీఏ (పదికి లెక్కగట్టే సగటు గ్రేడ్ పాయింట్లు) 6.2. ఒక సబ్జెక్టు మిగిలింది. 62 శాతం ఉంది కదా, క్యాంపస్ ఇంటర్వ్యూలకు సరిపోదా? 3 లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. పది వరకే చదివినదాన్ని, వాడికి నేనేం సాయం చేయగలను?
– ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: ముందు లెక్క చూద్దామమ్మా. జేఎన్‌టీయూహెచ్‌లో సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణిస్తే వచ్చేదే శాతం. 6.2 అంటే 57. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 అడుగుతాయి, బ్యాక్‌లాగ్ (పాసవ్వకుండా మిగిలిన సబ్జెక్టు) ఉండకూడదంటాయి. అంటే బాబుకు 6.5 కావాలి. నాలుగో ఏడాది మొదట్లోనే కంపెనీలు వస్తాయి కాబట్టి మార్కులు పెంచుకోవడానికి మిగిలింది ఈ 3-2 ఒక్కటే.

ఒక్కో సబ్జెక్టుకు దాని బరువును బట్టి కొన్ని క్రెడిట్లుంటాయి, గ్రేడ్ పాయింటును వాటితో గుణిస్తే ఆ సబ్జెక్టు పాయింట్లు వస్తాయి. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లనుకోండి. ఐదు సెమిస్టర్లకు 620 పాయింట్లున్నాయి, ఆరింటికి కలిపి 780 కావాలి. 3-2లో సగటున 8 తెచ్చుకోవాలన్నమాట, అంటే దాదాపు ప్రతి సబ్జెక్టులో 70 దాటాలి. కష్టమే. కానీ ఫెయిలైన సబ్జెక్టు సున్నాతో లెక్కలో కూర్చుని ఉంటుంది. అది 3 క్రెడిట్లదైతే, 50 మార్కులతో (6 గ్రేడ్ పాయింట్లు) గట్టెక్కినా 18 పాయింట్లు కలుస్తాయి. అప్పుడు 3-2లో 7.1 చాలు. కోడింగ్ కోర్సు ఫీజు కన్నా ముందు సప్లీ ఫీజు కట్టించండి. ఆఖరు తేదీ మీ వంటింటి క్యాలెండర్ మీద ఉండాలి.

చదువు రాదని వెనకాడకండి. వారానికోసారి "నీ ప్రాజెక్టేంటో రెండు నిమిషాల్లో నాకర్థమయ్యేలా తెలుగులో చెప్పు" అనండి. అది ఎవరికి పనికొస్తుంది, అందులో నువ్వు చేసిందేమిటి, ఎక్కడ ఆగిపోయావు? ఈ మూడే అడగండి. ఇంటర్వ్యూలో తడబడేదీ వీటి దగ్గరే. కొనుక్కొచ్చిన ప్రాజెక్టయితే మీ ముందే దొరికిపోతాడు! ఆప్టిట్యూడ్ సాధనకు రోజూ గంట, గడియారం పెట్టుకుని, ఫోన్ మీ దగ్గర.

ఆ 3 లక్షలు మాత్రం ఇవ్వకండి. ఇలాంటి దారుల్లో ఎక్కువగా దొంగ అనుభవ పత్రాలే ఉంటాయి. కంపెనీ పీఎఫ్ వివరాలు చూస్తే ఎక్కడా పనిచేయలేదని తేలిపోతుంది. చేరాక తేలినా తీసేస్తారు, డబ్బు వెనక్కి రాదు.

ప్రశ్న: అమ్మాయి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. ఇబ్బందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆఫర్ వచ్చాక సర్టిఫికెట్లు సరిచూసేటప్పుడు ఇబ్బందే. మెమోలో ఉన్నట్టే ఆధార్ మార్పించండి. ఆధార్‌లో పేరు మార్చుకునే వీలు రెండుసార్లే, కాబట్టి స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసుకోండి. పాన్ ఆ తర్వాతే తీసుకోండి.