జర్మనీలో వైద్యం చదవాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల నిండా ఫీజులు, వీసా, హాస్టలు గురించే అడిగావు. జర్మన్ భాష గురించి మాత్రం చివర ఒక్క వాక్యం: "అక్కడికి వచ్చాక అదే వచ్చేస్తుంది కదా అత్తయ్యా" అని. ఆ వాక్యం చూసి నాకు భయం వేసింది. అందుకే ఫోనులో తేల్చేయకుండా ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకో. డాక్టరువయ్యాక ఎక్కడ ఉంటావు? తిరిగి వెళ్లి భారతదేశంలోనే వైద్యం చేయాలని ఉంటే జర్మనీ వైపు చూడకు. విదేశాల్లో చదివినవారి కోసం జాతీయ వైద్య కమిషన్ 2021లో నిబంధనలు తెచ్చింది. చదువు కనీసం 54 నెలలు ఉండాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, బోధన ఇంగ్లీషులో జరగాలి. ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైద్యం చెప్పేది జర్మన్‌లో. ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పేవాళ్లు లేక నలిగిపోయిన పిల్లలు ఉన్నారు. ఇక్కడే ఉండిపోవాలని మనసులో గట్టిగా ఉంటేనే మిగతా ఉత్తరం చదువు.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల చదువుకు ఫీజు ఉండదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1500 యూరోలు తీసుకుంటుంది. నువ్వు రాసిన హైడెల్‌బెర్గ్ ఆ రాష్ట్రంలోదే. వీసా కోసం ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు బ్లాక్డ్ ఖాతాలో, అంటే ఒక్కసారిగా తీయనివ్వని బ్యాంకు ఖాతాలో చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున చేతికి వస్తుంది. నాన్నతో ఈ లెక్క ముందే మాట్లాడు.

సీటు దొరకడం కష్టం. మన ఇంటర్ చదువుతో నేరుగా అర్హత రానివారు స్టూడియన్‌కోలెగ్‌లో, అంటే విదేశీ విద్యార్థులను విశ్వవిద్యాలయానికి సిద్ధం చేసేచోట, రెండు సెమిస్టర్లు చదివి పరీక్ష నెగ్గాలి. వైద్యం వైపు వెళ్లేవారిది అందులో ఎం కోర్సు. ఆపైన సి1 స్థాయి జర్మన్, అంటే చదువుకు సరిపడేంత పైస్థాయి భాష వచ్చని చూపించాలి.

సి1 సర్టిఫికెట్ చేతికి వస్తే భాష వచ్చినట్టేనని నేనూ అనుకున్నాను. కాదని ఆసుపత్రిలో తెలిసింది. రెండేళ్ల తరువాత రాసే మొదటి ప్రభుత్వ పరీక్షలోపు మూడు నెలలు ఆసుపత్రిలో నర్సుల చేతికింద రోగుల సేవ చేయాలి. నా మొదటి వారంలో ఒక పెద్దాయనకు ఒళ్లు తుడిచే పని అప్పగించారు. నర్సు అంతా చూపించింది: నీళ్ల వేడిని ముందు నీ మణికట్టు మీద చూసుకో, ముఖం సబ్బు లేకుండా తుడువు, చెయ్యి వేసే ముందు ఏం చేయబోతున్నావో ఆయనకు చెప్పు. అన్నీ అలాగే చేశాను. వీపు తుడుస్తుంటే ఆయన ఏదో చెప్పాడు. ఒక్క మాట మాత్రం చెవిన పడింది, "హెక్సెన్‌షుస్" అని. అర్థం కాలేదు. అడగడానికి సిగ్గుపడి, "యా, యా" అని తలూపి, ఆయన్ను పట్టుకుని లేపి కూర్చోబెట్టాను. ఆయన కేక పెట్టాడు.

సాయంత్రం నిఘంటువు తీస్తే, మాటకు మాటగా మంత్రగత్తె వేసిన దెబ్బ అని ఉంది. నడుము పట్టేసిందంటామే, అదే. వెన్నుపూసల లాటిన్ పేర్లన్నీ నాకు కంఠస్థం, ఆ ఒక్క మాట మాత్రం తెలియదు. మర్నాడు వెళ్లి క్షమించమన్నాను. ఆయన ఆ మాటను నాచేత మూడుసార్లు పలికించి, మూడోసారి సరిగ్గా ఉందన్నాడు.

అప్పటినుంచి జేబులో చిన్న పుస్తకం పెట్టుకున్నాను. ఎడమ పేజీలో రోగి అన్న మాట, కుడి పేజీలో డాక్టరు కేసు షీటులో రాసిన మాట. "క్రైస్‌లౌఫ్" అంటే పుస్తకంలో రక్తప్రసరణ. ఇక్కడి అవ్వ అదే మాట అంటే కళ్లు తిరుగుతున్నాయని చెబుతోందన్నమాట. ఇవి ఏ తరగతిలోనూ చెప్పరు. నువ్వూ అలాంటి పుస్తకం మొదలుపెట్టు. అర్థం కానప్పుడు "మళ్లీ చెప్పండి" అనడానికి మాత్రం ఎన్నడూ సిగ్గుపడకు తల్లీ.

రెండేళ్ల తరువాత రాసే ఆ మొదటి ప్రభుత్వ పరీక్షను అందరూ ఫిజికుమ్ అంటారు. రాతపరీక్ష రెండు రోజులు, 320 ప్రశ్నలు, మౌఖికం వేరు. మూడుసార్లే అవకాశం. మూడోసారీ తప్పితే జర్మనీలో ఇంకెక్కడా వైద్యం చదవనివ్వరు. కాబట్టి నోట్సు ఇంగ్లీషులో రాసుకుని తరువాత జర్మన్‌లోకి మార్చుకుందామనుకోకు, మొదటి రోజునుంచే జర్మన్‌లో రాసుకో. పాత ప్రశ్నపత్రాలు ఎన్ని చేస్తే అంత మంచిది. సిద్ధంగా లేకపోతే ఆ విడత వదిలేసి తరువాత రాయి. ఏడాది పోయినా ఫరవాలేదు, ఒక అవకాశం పోగొట్టుకోకూడదు.

తరువాత మూడేళ్లు తరగతులతో పాటు రోగుల దగ్గర నేర్చుకోవడమూ ఉంటుంది. చివరి ఏడాది పూర్తిగా ఆసుపత్రిలోనే: జనరల్ మెడిసిన్ 16 వారాలు, సర్జరీ 16, నువ్వు ఎంచుకున్న విభాగం 16. ఆఖరి పరీక్ష మౌఖికం, రోగి మంచం దగ్గర కూడా జరుగుతుంది. అది నెగ్గాక అప్రోబాట్సియోన్, అంటే వైద్యం చేసే అనుమతి. మొత్తం ఆరేళ్లు పైనే. స్పెషలిస్టు కావాలంటే మరో ఐదారేళ్లు, జీతం తీసుకుంటూనే.

వచ్చే ఆదివారం ఫోను చేస్తాను. ఫీజుల గురించి అడగకు. నాయనమ్మ మోకాళ్ల నొప్పి ఎప్పుడు మొదలైంది, మెట్లెక్కేటప్పుడా దిగేటప్పుడా ఎక్కువ, రాత్రి నిద్ర పడుతోందా అన్నీ కూర్చుని అడిగి తెలుసుకో. నాకు జర్మన్‌లో చెప్పాలి.

ఆశీస్సులతో,
అత్తయ్య