గాలం సంగతి తర్వాత, ముందు పడవ చూడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్‌లో చిన్న అల్యూమినియం పడవ కొన్నావని, దాంతోపాటే మోటారు కూడా వచ్చిందని రాశావు. సంతోషం. కానీ చేపలు పట్టడానికి ఏ రాడ్ (గాలం కర్ర) కొనాలి, లైన్ చుట్టే రీల్ ఏది కొనాలి అని రెండు పేజీలు అడిగి, పడవ గురించి ఒక్క ముక్క అడగలేదు. రాడ్ మంచిది కాకపోతే చేప పడదు, అంతే. పడవ మంచిది కాకపోతే మాత్రం ఇంటికి ఎలా వస్తావన్నది ప్రశ్న. అందుకే పడవతో మొదలుపెడతాను.

కొన్నదాన్ని నేరుగా నీళ్లలోకి దింపకు. ఒడ్డునే రెండు మూడు దుంగల మీద సమంగా నిలబెట్టి, పడవ లోపల నీళ్లు పొయ్యి. మరీ ఎక్కువ పోస్తే బరువుకి రేకు వంగుతుంది, బెత్తెడు లోతు చాలు. ఇప్పుడు కింద కూర్చుని చూడు. రేకుల్ని కలిపి పట్టే రివెట్లు వదులైన చోట తడి చెమర్చడం మొదలవుతుంది. చుక్క కారే చోటే చిల్లు ఉందనుకోకు. నీరు ఒక రివెట్ దగ్గర బయటికొచ్చి, రేకు వెంట జారి, జానెడు దూరంలో ఎక్కడో చుక్కగా రాలుతుంది. పొడిగుడ్డతో తుడిచి, ఆరిన రేకు మీద తడి ముందుగా ఎక్కడ పుడుతుందో కనిపెట్టి, ఆ రివెట్ చుట్టూ సుద్దముక్కతో గీత గియ్యి. ఈ పని తీరుబడిగా చెయ్యి. ఎంత సీలెంట్ పూసినా పడవ కారుతూనే ఉందని వాపోయేవాళ్లలో చాలామంది పూసింది చిల్లు లేని చోటే.

వదులైన రివెట్ బిగించడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట రివెట్ తలకి బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు లోపలి కొసను సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. బలంగా ఒక్కటి వేస్తే చుట్టూ రేకు పగులుతుంది. అప్పటికీ చెమరిస్తే పాత సీలెంట్ మొత్తం గీకి, బాగా ఆరనిచ్చి, పడవలకని అమ్మే సీలెంట్ పూయాలి. ఇంట్లో సింకు చుట్టూ పూసే సిలికాన్ మాత్రం వాడకు. అది ఒకసారి అంటిందంటే తర్వాత దాని మీద రంగు నిలవదు, ఇంకో సీలెంటూ పట్టదు.

అల్యూమినియానికి రాగి శత్రువు. పడవ అడుగున తడిలో రాగి తీగ ముక్కో, నాణెమో, సీసపు గుండో పడి ఉంటే, ఆ రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియం గుంటలు పడి తినేసుకుపోతుంది. పడవ అడుగుకి వేసే రాగి కలిసిన రంగులు కూడా ఈ కారణానికే పనికిరావు. మోటారు కింద చిన్న లోహపు ముక్క బిగించి ఉంటుంది, యానోడ్ అంటారు. తుప్పు తన మీదికి తెచ్చుకుని మోటారుని కాపాడటమే దాని ఉద్యోగం. మంచినీళ్లలో మెగ్నీషియంది బాగా పనిచేస్తుంది, జింకుది సముద్రానికి. సగం కరిగాక మార్చెయ్యి, దాని మీద రంగు మాత్రం వేయకు.

వాడనప్పుడు పడవను బోర్లించి, నేలకి తగలకుండా ఎత్తున పెట్టు. అలా వీలుకాకపోతే అడుగున నీరు పోయే రంధ్రం బిరడా తీసేసి, ఆ వైపు పల్లంగా ఉంచు. అడుగున 5 సెంటీమీటర్ల వాన నీరు కనబడితే ఇంతే కదా అనిపిస్తుంది. 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు అడుగులో అది 150 లీటర్లు, అంటే 150 కిలోలు. పైగా కదిలే బరువు. పడవ ఏ పక్కకి ఒరిగితే ఆ పక్కకే పరుగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. నీళ్లు తోడే బకెట్‌ని తాడుతో పడవకే కట్టి ఉంచు. మళ్లీ దింపేటప్పుడు బిరడా పెట్టడం మరిచిపోవడం కొత్తవాళ్లకే కాదు, తలపండినవాళ్లకీ మామూలే. తీసిన బిరడాను మోటారు స్టార్ట్ చేసే పిడికి కట్టేస్తే ఆ బాధ ఉండదు.

నీ స్నేహితురాలిది చెక్క పడవ అన్నావు. దానికి అసలు ప్రమాదం లోపల నిలిచే వాన నీరే. మేకు మొనతో మూలల్లో గుచ్చి చూడమను, మెత్తగా దిగితే అక్కడ చెక్క కుళ్లినట్టే. ఎండిన పలకలు కుంచించుకుపోయి మొదట్లో కారడం సహజం, తడిసి ఉబ్బాక చాలావరకు సందులు మూసుకుంటాయి.

ఇక మోటారు. స్టార్ట్ కాగానే పక్కన సన్నటి నీటిధార చిమ్మాలి. చల్లబరిచే నీరు తిరుగుతోందనడానికి అదే గుర్తు. ధార రాకపోతే వెంటనే ఆపెయ్యి. రంధ్రంలో మట్టి అడ్డుపడి ఉంటే సన్నటి తీగతో పొడిస్తే పోతుంది. అప్పటికీ రాకపోతే లోపల నీటిని తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లర్ అంటారు, అరిగి ఉంటుంది. టూ స్ట్రోక్ అయితే కంపెనీ పుస్తకంలో ఏ నిష్పత్తి ఉందో చూసి ఆయిల్ కలుపు. 50:1 అంటే లీటరు పెట్రోలుకి 20 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ.

గాలాలు వేసేవాళ్ల మోటార్లకి ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది. తెగిన నైలాన్ లైన్ ప్రొపెల్లర్ వెనక ఇరుసుకి చుట్టుకుని, తిరిగే కొద్దీ బిగిసి, అక్కడున్న సీల్‌ని కోసేస్తుంది. పైకేమీ కనబడదు, లోపల గేర్ ఆయిల్‌లోకి నీరు చేరుతుంది. అందుకని అప్పుడప్పుడు ప్రొపెల్లర్ విప్పి చూడు. ఆయిల్ మార్చేటప్పుడు కింది స్క్రూ విప్పగానే వచ్చే మొదటి ధార రంగు చూడు, పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీరు చేరినట్టే. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. పై నుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుంది.

లంగరు తాడు లోతుకి కనీసం 5 రెట్లు ఉండాలి, గాలి ఉంటే 7. నాలుగు మీటర్ల లోతుకి 20 మీటర్ల తాడన్నమాట. దాన్ని ఎప్పుడూ ముక్కు దగ్గరే కట్టు. వెనక కట్టావంటే, మోటారు బరువుకి అసలే కిందికి దిగి ఉన్న వెనక భాగాన్ని తాడు ఇంకా కిందికి లాగుతుంది, ప్రవాహమో అలో వచ్చి లోపలికి పొర్లుతుంది. ఇందులో సర్దుబాటు లేదు. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకోవడానికి కాదు, వేసుకోవడానికి. నువ్వు నీళ్లలో పడితే మోటారుని ఆపే తాడు దానికి తగిలించుకో. పడవ తిరగబడితే ఈదుతూ ఒడ్డుకి బయలుదేరకు, పడవనే పట్టుకుని ఉండు. దూరం నుంచి మనిషి తల కనబడదు, పడవ కనబడుతుంది.

చేపల మాటకొస్తే, గాలం వేసేముందు కాసేపు ఊరికే నీటిని చూడు. ఎండ ముదిరితే నీరు వేడెక్కుతుంది, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పడితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. మధ్యాహ్నం చేప మందంగా ఉండటం అందుకే. తెల్లవారుజామున, పొద్దువాలాక వెళ్లు. గాలి చాలాసేపు ఒకే వైపు వీస్తే ఎదురుగాలి తగిలే ఒడ్డుకి వెళ్లు. పైనీటిలో తేలే చిన్న జీవులు అక్కడికే కొట్టుకొస్తాయి, వాటి వెనకే చిన్న చేపలు, వాటి వెనక పెద్దవి. కూర్చోవడానికి అది సుఖంగా ఉండదు, ముఖానికి గాలి కొడుతుంది. అందుకే జనం అవతలి ఒడ్డుకి పోతారు, చేపలు ఇవతల ఉంటాయి.

చేప నోరు చూస్తే అది ఎక్కడ మేస్తుందో తెలుస్తుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీటిలోనూ మధ్యలోనూ తింటుంది. వాలుగ రాత్రి వేటగాడు. కొర్రమీను నాచు, తామరాకుల మధ్య ఉండి, గాలి పీల్చడానికి పైకొస్తుంటుంది. బుడగలు చూసి పట్టుకోవచ్చు. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతూ కనబడితే మాత్రం అక్కడ గాలం వేయకు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పడితే పిల్లలు మిగతా చేపలకి ఆహారమైపోతాయి.

నువ్వు అనుమానించినంతగా మన మాటలకి చేప బెదరదు. పడవలో పెట్టె దభీమని పడేస్తే బెదురుతుంది. ధ్వని నీటిలో గాలిలో కంటే నాలుగింతలకి పైగా వేగంగా పోతుంది, చేప ఒంటి పక్కన గీతలాంటి అవయవంతో దగ్గరి అదురుని పసిగడుతుంది. అడుగున పాత దుప్పటి ముక్క పరిచావంటే సగం చప్పుడు పోతుంది.

ముడి దగ్గర తొందర పడకు. లైన్ కొసని కొక్కెం కన్నంలో దూర్చి, ఆ కొసని లైన్ చుట్టూనే అయిదారు చుట్లు తిప్పి, కన్నం పక్కనున్న మొదటి ఉచ్చులోంచి కొస వెనక్కి తెచ్చి, బిగించే ముందు తడి చెయ్యి. పొడి నైలాన్‌ని బర్రున లాగితే రాపిడి వేడికి అక్కడే బలహీనపడుతుంది, పెద్ద చేప లాగినప్పుడు సరిగ్గా ఆ ముడి దగ్గరే తెగుతుంది. రాయికో మొద్దుకో తగిలి వచ్చాక చివరి మీటరు లైన్‌ని వేళ్ల మధ్య జార్చి చూడు, గరుకు తగిలితే కోసి పారేసి మళ్లీ కట్టు. కొక్కెం మొన గోటి మీద జారితే పదును పోయినట్టు, గుచ్చుకుని ఆగితే ఉన్నట్టు. రీల్ డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే లైన్‌ని వదిలే బిగింపు, లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టు. 4 కిలోల లైన్‌కి కిలోకి కాస్త పైన. అంచనాతో కాదు, స్ప్రింగ్ త్రాసుతో లాగి చూసుకో.

బెండుకి సీసం సరిపడా వేస్తే కొస మాత్రమే నీటిపైన ఉంటుంది. బెండు ఎక్కువ తేలితే చేప ఎర ముట్టగానే బరువు తగిలి వదిలేస్తుంది. సీసపు గుండ్లని పళ్లతో నొక్కకు, అది విషం. హంసలు వాటిని మింగి చచ్చిపోతున్నాయనే బ్రిటన్‌లో 1987లో చిన్న సీసపు గుండ్ల అమ్మకం ఆపేశారు. టంగ్‌స్టన్‌వి, టిన్‌వి దొరుకుతాయి.

వదిలేసే చేపని తడి చేతులతోనే పట్టుకో, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. మొప్పల్లో వేళ్లు పెట్టకు. కొక్కెం గొంతులోకి దిగిపోతే పీకకుండా లైన్ దగ్గరగా కోసెయ్యి. ఇక ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పడవ తీసుకెళ్లేటప్పుడు అంటుకున్న నాచు తీసి, లోపలి నీరు వంచి, పూర్తిగా ఎండబెట్టాకే దింపు. ఉత్తర అమెరికా సరస్సుల్లో 1988లో మొదట కనబడ్డ జీబ్రా మస్సెల్స్ అనే చిన్న గుల్లలు ఆ తర్వాత ఎన్నో సరస్సులకి ఎక్కింది ఇలాంటి చిన్న పడవల మీదే.

రాడ్ సంగతి: ఆరేడు అడుగుల మీడియం ఫైబర్‌గ్లాస్‌ది కొను, కొత్తలో మొరటు వాడకానికి అదే తట్టుకుంటుంది. కార్బన్ రాడ్ తేలిక, సున్నితం, కానీ కరెంటుని బాగా ప్రసరింపజేస్తుంది. ఎప్పుడైనా అది కొంటే కరెంటు తీగల కింద పైకెత్తకు. ఏ రాడ్ అయినా సరే, ఉరుము వినబడితే చేప పడుతున్నా సరే ఒడ్డుకి వచ్చెయ్యి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగకు.

మోటారు గేర్ ఆయిల్ రంగు ఎలా ఉందో చూసి రాయి. తెల్లగా ఉంటే మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న